చివరి మనిషి వచ్చేదాకా

నా చిన్నప్పుడు మా పేటలో ఏటా ఒక పరుగుపందెం జరిగేది. అందులో ముందొచ్చినవాడికి బహుమానం ఏమీ ఉండేది కాదు. వాడికి దక్కేదల్లా అందరికంటే ఎక్కువసేపు ఆకలితో కూర్చోవడం. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. మెడల్ కూడా ఇవ్వని పందెం ఏం పందెం అంటారు. నవ్వనీ. నేను బతుకులో గట్టిగా పట్టుకున్న పాఠం ఒకటుంటే అది ఆ పందెంలో నేర్చుకున్నదే, అదీ పరుగెత్తలేక మధ్యలో కూలబడిన రోజున.

మాది మార్కాపురానికి పడమట, పలకల గనుల దగ్గర ఒక చిన్న పేట. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజులవి. అప్పట్లో మేం కూడా కర్నూలు జిల్లావాళ్లమే కాబట్టి రాజధాని మనదేనని పెద్దవాళ్లు చెప్పుకుని మురిసేవాళ్లు. రాజధాని మాదైంది గాని వాన మాది కాలేదు. జొన్న వేస్తే చాలా ఏళ్లు చొప్పే మిగిలేది. పేటలో మగవాళ్లు గనిలో రాయి తవ్వేవాళ్లు. మా నాయన ఆ రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి బడిపిల్లలు రాసుకునే పలకలు చేసేవాడు.

పేటలో ఇళ్లన్నీ మా ముత్తాతల కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చినవి. మట్టి గోడలతో, గడ్డి కప్పుతో మాకొక ప్రార్థన మందిరం ఉండేది. దాన్ని మేం గుడి అనేవాళ్లం. గంట కొనే స్తోమత లేక ముందున్న వేపచెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడదీశారు. ఆదివారం పొద్దున్నే నాయన దాన్ని సుత్తితో కొట్టేవాడు. పాస్టరుగారిని మేం అయ్యగారు అనేవాళ్లం. ఆయన మార్కాపురం నుంచి నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు. మిగతా వారాలు సంఘపెద్దగా మా నాయనే గుడి తలుపు తీసి, పాట ఎత్తుకుని, ప్రార్థన చేసేవాడు. గుడి తాళంచెవి ఎప్పుడూ నాయన మొలతాడుకే ఉండేది.

జొన్న కోతలయ్యాక కోత పండుగ చేసేవాళ్లం. పండినదాంట్లో కొంత గుడికి తెచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని అందరూ కలిసి భోజనం చేసేవాళ్లు. ఆ రోజు పొద్దునే పరుగు. ఇంటికొకరు పరుగెత్తాలి. గుడి ముందు బయలుదేరి, వాగు దాటి, సమాధుల దొడ్డి పక్కగా గని దాకా పోయి, అక్కడొక పలకరాయి ముక్క ఏరుకుని, అదే దారిన తిరిగొచ్చి దాన్ని గుడి గడప దగ్గర పెట్టాలి. అప్పటికే వేపచెట్టు కింద పెద్ద గుండిగలో మాంసం ఉడుకుతూ ఉండేది. ఏడాదికొకసారి కళ్లజూసే వరి అన్నం కూడా ఉండేది. కాని చివరి మనిషి వచ్చి రాయి పెట్టేదాకా గుండిగ మూత తీయకూడదు. అది కట్టుబాటు. ముందొచ్చినవాళ్లు మోదుగాకు విస్తరి ముందేసుకుని, కూర వాసన పీలుస్తూ కూర్చోవాల్సిందే.

ఈ కట్టుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాయన తల్లి, మా జేజి, ప్రతి ఏడూ చెప్పేది. మా వాళ్లు మొదటిసారి బాప్తిస్మం తీసుకోవడానికి గుండ్లకమ్మ దాకా నడిచిపోయారట. అందులో జేజి వాళ్లమ్మ నిండు చూలాలు. అందరూ ఏటి ఒడ్డుకు చేరిన చాలాసేపటికి గాని ఆమె రాలేకపోయిందట. ఆమె వచ్చేదాకా సంకటి మూట ఎవరూ విప్పలేదట. "ఆ కడుపులో ఉండింది నేనే" అని జేజి గొప్పగా ముగించేది, ఆ నడక తనే నడిచినట్టు.

ఈ కట్టుబాటు మా అన్నకు మాత్రం గిట్టేది కాదు. వాడు నాకంటే మూడేళ్లు పెద్ద. ఆకలికి ఆగే గుణం వాడి ఒంట్లో లేదు. బడి నుంచి వచ్చి భుజానున్న సంచి దించకుండానే ఉట్టి మీద చెయ్యి పెట్టేవాడు. పండుగ రోజు చివరి మనిషి కోసం కూర్చోవాలంటే మెలికలు తిరిగిపోయేవాడు. ఒక ఏడు గుండిగ వెనక నక్కి మూత ఎత్తబోతుంటే జేజి గరిటెతో చేతి మీద ఒకటి అంటించింది. "ఇంకా వస్తాండారు లేరా, కూర్చో" అంది. వచ్చే ఏడు మా ఇంటి తరఫున నాయన బదులు తనే పరుగెత్తుతాననీ, తను ముందొస్తే అన్నం తొందరగా పెడతారనీ వాడి ఆలోచన. అది కుదరదురా అని ఎంత చెప్పినా వాడి తలకెక్కలేదు.

ఆ వచ్చే ఏడు వాడు లేడు. వానాకాలంలో జ్వరం పట్టుకుంది. నాయన బండి కట్టించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడివాళ్లు చేయగలిగింది చేసి ఇంటికి పంపారు. నాయన గుడిలో ఉపవాసం కూర్చున్నాడు. ఆదివారం నాడు సంఘమంతటి ముందు నిలబడి, నా బిడ్డ లేస్తాడు అని చెప్పాడు. గట్టిగా, ఎవరో తన చెవిలో చెప్పినట్టే చెప్పాడు. మేమంతా నమ్మాం. నేనైతే అన్న లేచాక ఆడుకోవడానికని గచ్చకాయలు కూడా ఏరి పెట్టాను. ఆ వారం తిరక్కుండానే వాడు పోయాడు.

సమాధి దగ్గర అయ్యగారు ఓదార్పుగానే మాట్లాడారు. మన బతుకు ఒక పరుగని, ఈ బిడ్డ తన పరుగు మనకంటే ముందే ముగించి గమ్యం చేరుకున్నాడని అన్నారు. నాయన మన్ను పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆపి, "చిన్నపిల్లోనికి ఏం పరుగయ్యా" అన్నాడు.  చావింటికి పోయి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లంటే నాకిప్పటికీ కోపమే. ఊరికే పక్కన కూర్చుంటే వాళ్ల సొమ్మేం పోతుందో. అయినా ఆ రోజు అయ్యగారన్న మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

నాయన గని నుంచి ఒక పెద్ద పలకరాయి తెచ్చి, నున్నగా చేసి, అన్న సమాధికి తలవైపు పాతాడు. దాని మీద పేరు రాయలేదు, వాక్యం రాయలేదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరికీ పలకలు చేసిపెట్టిన మనిషి తన కొడుకు రాయిని ఖాళీగా వదిలేశాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నాయన పట్టా కొట్టలేదు. జేజి అడిగితే తాళంచెవి తీసి ఇచ్చేవాడు, తను మాత్రం ఉలి, సుత్తి పట్టుకుని గనికి పోయేవాడు. జేజి ముసలి చేతులతో కొడితే ఆ చప్పుడు పేట చివరికి కూడా చేరేది కాదు. వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. అంత ప్రార్థన చేసే మనిషికే దిక్కు లేకపోయింది, మనకేం ఒరుగుతుందని రెండిళ్లవాళ్లు పాత అమ్మవారి దగ్గరికే తిరిగిపోయారు. వాళ్లను తప్పుపట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మా ఇంట్లో అమ్మ మాటలు మానేసింది. నేను అన్న పేరు ఎత్తితే నాయన లేచి బయటికి పోయేవాడు, అందుకని నేనూ మానేశాను.

పండుగ దగ్గర పడ్డాక అయ్యగారు వచ్చినప్పుడు నాయన మా అరుగు మీదే ఆయనతో చెప్పాడు. "పండగ కానీండయ్యా. ఆ మరసనాడు తాళంచెవి మీకిచ్చేస్తా. నేనింక రాను."  ఆ చెవి తీసుకోవడానికి పేటలో ఇంకెవరూ ముందుకు రారని అయ్యగారికి తెలుసు, జేజికి తెలుసు. నాయన వదిలేస్తే ఆ తలుపు ఇక మూసినట్టే. గుడి కంటే కూడా కొడుకే చేజారిపోతున్నాడని జేజి బెంగ. ఆ వారమంతా ఆమె సరిగ్గా తినలేదు.

పండుగ పొద్దున జేజి నన్ను పిలిచి, పావడా పైకి దోపి, జడ బిగించి కట్టింది. ఇంటికొకరు పరుగెత్తాలి, మా ఇంటికి నువ్వే అంది. నాయన అరుగు మీద నుంచి తలెత్తాడు. "ఆ ముండ్లల్లో ఆడపిల్లను పంపుతావా?" అన్నాడు. అంతకు ముందు ఆ పరుగులో ఆడపిల్లలు పోయింది లేదు. "నువ్వు పోనంటివి. వాడు లేడు. ఇంగెవర్ని పంపమంటావు?" అంది జేజి.  నాకైతే కాళ్లు ఆగలేదు. అన్న చేయాల్సిన పని నాకు వచ్చిందని లోపల ఏడుపు, గర్వం రెండూ ఉన్నాయి.

పెద్ద మగపిల్లల వెంట సమంగా పరుగెత్తబోవడం నేను చేసిన తెలివితక్కువ పని. వాగు దాటేసరికి డొక్కలో పోటు పట్టుకుంది. సమాధుల దొడ్డి దగ్గర తుమ్మముల్లు మడమలో దిగి విరిగింది. కుంటుకుంటూ పోయి అన్న రాయికి ఆనుకుని కూలబడ్డాను. గని దాకా పోయినవాళ్లు రాళ్లు పట్టుకుని ఒక్కొక్కరే తిరిగి పోతున్నారు. రమ్మని పిలిచారు. వస్తాను పొమ్మన్నాను. లేవబోతే కాలు నిలవలేదు. ఆ తర్వాత దారిలో ఎవరూ లేరు.

ముల్లు కంటే ఎక్కువగా నన్ను వేరే ఆలోచన ఏడిపించింది. అన్న తన పరుగు ముందే ముగించాడని అయ్యగారు అన్నారు కదా. మరి ముందు చేరినవాడు ఏం చేయాలి? చివరి మనిషి వచ్చేదాకా విస్తరి ముందేసుకుని కూర్చోవాలి. నాకు తెలిసిన పరుగు అదొక్కటే. పరలోకంలో కూడా కట్టుబాటు అదే అయి ఉంటుందనుకున్నాను. జేజి వెళ్లాలి, అమ్మ వెళ్లాలి, నేను వెళ్లాలి. నాయన రానని చెప్పేశాడు. అంటే అక్కడ గుండిగ మూత ఎప్పటికీ తీయరు. గంటసేపు ఆగలేని మా అన్న ఖాళీ విస్తరి ముందు ఎన్నాళ్లని కూర్చుంటాడు? ఎండ నడినెత్తికి వచ్చింది. నేను ఆ రాయిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

నాయన వచ్చేసరికి నేను అట్లాగే ఉన్నాను. అందరూ తిరిగొచ్చినా నేను రాకపోవడం అరుగు మీద నుంచి చూసి వెతుక్కుంటూ వచ్చాడు. ఆ దొడ్డిలోకి నాయన అడుగుపెట్టడం రాయి పాతిన తర్వాత అదే మొదటిసారి. అన్న సమాధి వైపు చూడకుండా నన్ను ఎత్తుకుని ఇంటి దారి పట్టబోయాడు. నేను గింజుకున్నాను.

"ఇంకా రాయి తేలేదు నాయనా."

"రాయి లేదు గీయి లేదు. ఇంక చాలు."

"నేను పెట్టకుంటే మూత తీయరు. అందరూ ఆకలితో ఉంటారు."

"తినమని నేను చెప్తాలే."

"అన్నకెవరు చెప్తారు?" అన్నాను.

నాయన నడక ఆగిపోయింది. ఏందని అడిగాడు. నేను మనసులో ఉన్నదంతా కక్కేశాను. అన్న ముందు పోయి కూర్చున్నాడు, మనమందరం పోయేదాకా వాడికి బువ్వ పెట్టరు, నువ్వేమో రానంటివి, అన్న ఆకలికి ఆగలేడు నాయనా అన్నాను.

నాయన నన్ను కిందికి దించాడు. తనూ కింద కూర్చుని ఖాళీ పలకరాయి మీద చెయ్యి పెట్టాడు. అన్నను పూడ్చిన రోజున కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. భుజాలు కదిలిపోయేట్టు, సిగ్గు లేకుండా ఏడ్చాడు. నేను భయపడి నా ఏడుపు ఆపేశాను. పెద్దవాళ్లు అట్లా ఏడుస్తారని నాకు అంతవరకు తెలియదు.

కాసేపటికి నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇంకో తుమ్మముల్లు విరిచి దాంతో నా మడమలో ముల్లు తీశాడు. లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి పోతామనుకున్నాను. గని వైపు తిరిగాడు. ఎత్తుకోమని చేతులు చాపితే ఎత్తుకోలేదు. "పరుగెత్తాకు. మెల్లగా నడు" అన్నాడు. నేను కుంటుతున్న వైపు నడుస్తూ తన చెయ్యి నాకు ఊతంగా ఉంచాడు. దారంతా ప్రార్థనా లేదు, పాటా లేదు. మధ్యలో రెండు మూడుసార్లు నాయన కూడా నిలబడిపోయాడు. నేను చెయ్యి లాగితే మళ్లీ నడిచాడు. గని దగ్గర నేనొక రాయి ఏరుకున్నాను. నాయన కూడా వంగి ఒకటి తీసుకున్నాడు. అది ఎవరి కోసమని నేను అడగలేదు.

మేం పేటకు చేరేసరికి పొద్దు వాలుతోంది. వేపచెట్టు కింద అందరూ విస్తళ్ల ముందు కూర్చునే ఉన్నారు. చిన్నపిల్లలు ఏడ్చి ఏడ్చి తల్లుల ఒళ్లో నిద్రపోయారు. కూర చల్లారిపోతే మళ్లీ మంట వేసినట్టున్నారు. ఒక్కరూ మూత ముట్టలేదు. ఒక్కరూ ఇంతసేపేందని అడగలేదు. గుండిగ పక్కన జేజి గరిటె పట్టుకుని కాపలా కూర్చుంది. నేను గడప దగ్గర నా రాయి పెట్టాను. నా వెనకే నాయన తన రాయి పెట్టాడు. జేజి ఆ రెండు రాళ్లనూ చూసి, లేచి మూత తీసింది. నాయన అన్నం కలిపి చాలాసేపు ముద్ద చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత తిన్నాడు. అమ్మ నాయన వైపు చూస్తూ తనూ తిన్నది.

మరుసటి పొద్దున, పండుగకు వచ్చిన అయ్యగారు తిరిగి బయలుదేరబోతూ సైకిలు పట్టుకుని మా అరుగు ముందు నిలబడ్డారు, తాళంచెవి కోసం. నాయన మొలతాడు మీద చెయ్యి వేసి, చెవి విప్పకుండానే మాట్లాడాడు. "నాకు ప్రార్థన రాదయ్యా. లోపల ఏమీ లేదు. ప్రార్థన రాకున్నా తలుపు తీస్తా, పట్టా కొడతా. అట్లైతే చెవి నా దగ్గరే ఉండనీండి." అయ్యగారు ఈసారి పెద్ద మాటలేవీ చెప్పలేదు. సరే అని తలూపి సైకిలెక్కారు. ఆయన మీద నాకున్న కోపం ఆ రోజుతో చాలావరకు పోయింది.

నాయన విశ్వాసం మళ్లీ మునుపటిలా అయిందని చెబితే అబద్ధమవుతుంది. వెళ్లిపోయిన రెండిళ్లవాళ్లు తిరిగి రాలేదు. ఎవరికైనా జబ్బు చేసి ప్రార్థన చేయమని పిలిస్తే నాయన పోయి మంచం పక్కన ఊరికే కూర్చుని వచ్చేవాడు. లేస్తాడనే మాట మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు. కాని ఆదివారం పొద్దున పట్టా చప్పుడు ఒక్కసారీ తప్పలేదు. చాలా ఏళ్లకు ఒక పాట ఎత్తుకున్నాడు. సగంలో గొంతు పోయింది, మిగతాది సంఘం పాడింది. నా పెళ్లికి ముందు ఒకసారి దొడ్డికి పోయి చూస్తే అన్న రాయి మీద వాడి పేరు చెక్కి ఉంది. పేరొక్కటే.

జేజి తన ఆఖరి రోజుల్లో ఒక సంగతి చెప్పింది. నేను ఆ పరుగు ముగించలేనని ఆమెకు ముందే తెలుసట. నువ్వు ఎక్కడో ఒక చోట కూలబడతావు, అప్పుడన్నా మీ నాయన అరుగు దిగుతాడని పంపినాను అంది. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి పరువు నిలబెట్టడానికి పంపిందనుకుని ఇన్నేళ్లూ మురిసిపోయాను. ఓడిపోవడానికే పంపావా జేజీ అంటే పళ్లు లేని నోటితో నవ్వింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆ మధ్యాహ్నం గుండిగ పక్కన కూర్చుని తను ఎంత భయపడిందో చెప్పింది. మీరిద్దరూ రాకపోయుంటే ఆ మూత తీసే బలం నాకు లేకపోయేది అంది.

నేను పెళ్లయి గిద్దలూరు వచ్చి ముసలిదాన్నయ్యాను. నా బతుకులోనూ నోట ప్రార్థన రాని కాలాలు వచ్చాయి. నా భర్త పోయిన ఏడంతా పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదపకుండా నిలబడ్డాను. అయినా ఆదివారం పోవడం మానలేదు. ఎందుకమ్మా ఈ మోకాళ్లతో, ఇంట్లోనే కూర్చోరాదా అని కోడలు అంటుంది. దానికి నేను విశ్వాసం గురించి పెద్దగా ఏమీ చెప్పలేను. నాకు తెలిసిందల్లా ఒకటే. జేజి, నాయన, అమ్మ అందరూ చేరిపోయారు, విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు. కర్ర పట్టుకుని ఎంత మెల్లగా నడిచినా నేను పోవాలి. మా అన్న ఆకలికి ఆగలేని పిల్లవాడు.